తరుగు

సర్వేయరు కుర్రాడు టేపు మర్చిపోయి వచ్చాడు.
నా మెళ్ళోది తీసిచ్చాను.
జాకెట్లు కొలిచే టేపు,
మొదటి రెండంగుళాల అంకెలూ అరిగిపోయినది.

గోడ మీద నీళ్ళు గీసిపోయిన గీత దగ్గర
అతను పైకొస పట్టుకున్నాడు,
నేను గొంతుక్కూర్చుని రెండో కొస నేలకు ఆనించాను.
యాభై నాలుగు.
అలవాటు కొద్దీ నోరు జారింది:
"అర అంగుళం లూజు వేసుకో బాబూ."
నవ్వలేదు. యాభై నాలుగే రాసుకున్నాడు.

"నీళ్ళు పైనుంచి వచ్చాయా మేడమ్, కిందనుంచా?"

ఏం చెప్పను.
ఆదివారం పొద్దున పాలపాకెట్టు కోసం తలుపు తీస్తే
గుమ్మంలో చెప్పులు లేవు.
వీధి మలుపులో వెళ్తున్నాయి, నేను లేకుండా.
మధ్యాహ్నానికి మిషను పెడలు మునిగింది,
తర్వాత చక్రం,
తర్వాతది నేను చూళ్ళేదు, పక్కింటి డాబా మీదున్నాను.
బుడమేరు అని రాసుకో.
కాగితంలో బుడమేరు లేదట.
వర్షం ఉంది, వరద ఉంది, పైపు పగలడం ఉంది.
ఒకదానికే టిక్కు పెట్టాలి.

బిల్లులు అడిగాడు.
ఉన్నాయి. పారేసే రకాన్ని కాదు నేను.
బిస్కెట్ల డబ్బాలో, రబ్బరు బ్యాండు వేసి, పన్నెండేళ్ళవి.
మూత తీశాను.
ఫ్రిజ్ బిల్లూ బీరువా బిల్లూ మిక్సీ బిల్లూ
కలిసి ఒకటే అట్టు.
కత్తెర మొనతో పొర పొరా విడదీసి ఇచ్చాను.
తెల్లగా ఉన్నాయి, రెండు వైపులా.
ఆ కొట్టువాడి కాగితానికి ఎండకే అక్షరాలు పోతాయి,
నీళ్ళదాకా ఎందుకు.

అప్పుడన్నాడు, తరుగు అని.

బంగారం కొట్లో విన్నాను ఆ మాట.
మనం కొన్నా తీస్తారు, మనం అమ్మినా తీస్తారు.
మిషనుకీ ఉందట, ఏడాదికి నూటికి పది.
పదకొండేళ్ళ మిషను.
లెక్క వేసి, తలెత్తకుండా ఉండిపోయాడు.
సున్నాకి కింద ఇంకో పది.
అంటే కంపెనీకి నేనే బాకీ పడ్డానా?
వరదకి ముందు శనివారం రాత్రి పదకొండుదాకా
దాని మీద నాలుగు జాకెట్లు తీశాను బాబూ.
తరుగేదన్నా ఉంటే నా కళ్ళకి ఉంది,
అది రాయి.

"ఇంకేమైనా?" అన్నది చివరి గడి.

పదిహేడు జాకెట్టు ముక్కలు.
విమలాక్షిగారి ఉప్పాడ పట్టు అంచు.
కోటేశ్వరమ్మ అరవై ఏళ్ళ వయసులో
మొదటిసారి బోటు నెక్కు పెట్టించుకుంటానన్నది, ఆ గళ్ళ గుడ్డ.
వస్త్రలత నుంచి తెచ్చిన లైనింగు తానులు.
నఫీసా నిఖా జాకెట్టు, మగ్గం పనిది,
ఒక చెయ్యి అతికించాను, ఇంకో చెయ్యి బల్ల మీదే ఉంది.

పెన్ను ఎత్తి పట్టుకున్నాడు.
"లైనింగు సరే. మిగతావి మీవి కావు కదా మేడమ్."

నావి కావు.

అతని బండి సింగ్‌నగర్ వంతెన ఎక్కిందో లేదో
వాళ్ళు రావడం మొదలెట్టారు,
బురదలో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.
విమలాక్షిగారు గట్టిగానే అడిగింది.
ఆవిడ ఇల్లూ మునిగింది మరి, ఎవరి మీదో ఒకరి మీద అరవాలి.
ధర చెప్పింది.
బిల్లు ఉందా అనలేదు నేను.
నెల నెలా ఇంత, అన్నాను. ఊఁ అని
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చీపురు తీసుకుని
నాలుగడుగుల బురద తోసి పోయింది.

ఫోను మోగింది.
మేరుగు ఎస్తేరు గారూ, మీ క్లెయిము పరిశీలనలో ఉన్నది.
నా పేరు అంత చక్కగా ఎవరూ పిలవరు.

చీకటిపడ్డాక నఫీసా వచ్చింది.
ఏమీ అడగలేదు. చేతిలో కొత్త గుడ్డ, మామూలు సాటిన్.
"ఏ మిషను మీద కుడతావక్కా?"
చేత్తోనే కుడతాను, పెళ్ళికి తొమ్మిది రోజులుంది కదా.
నిటారుగా నిలబడు, చేతులెత్తు అని
టేపు కోసం మెడ తడుముకున్నాను.
కుర్రాడు జేబులో వేసుకుపోయాడు.

కొవ్వొత్తి దగ్గరికి జరిగి
జానతో కొలిచాను.
మూడు జానలూ నాలుగు వేళ్ళూ.
వరదలో పిల్ల చిక్కింది.

అర అంగుళం లూజు
ఈసారి నేనే వేశాను.